బేస్‌మెంట్‌కి డీహ్యుమిడిఫైయర్: 35 పింట్లా, 50 పింట్లా అనేది రెండో ప్రశ్న

ముందు మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు చెప్తాను. సెంట్రల్ న్యూజెర్సీలో పోయిన ఫాల్‌లో ఇల్లు కొన్నారు, కింద 1,100 చదరపు అడుగుల అన్‌ఫినిష్డ్ బేస్‌మెంట్, అంటే గోడలూ నేలా ఇంకా ఉత్త కాంక్రీటుగానే ఉన్నది, ఉంది. చలికాలమంతా ఏ గొడవా లేదు, జూన్ వచ్చేసరికి మెట్లు దిగుతుంటేనే ముక్కిపోయిన వాసన, ఇండియా సూట్‌కేసుల మీద తెల్లగా బూజు. మీటర్ కొని పెడితే హ్యుమిడిటీ 72 శాతం చూపిస్తోంది. కిటికీలు తీసి ఫ్యాన్ పెట్టారు, తగ్గలేదు. పాత ఓనర్ వదిలేసిన 70 పింట్ల డీహ్యుమిడిఫైయర్, అంటే గాలిలో తేమ తీసే మెషీన్, ఒకటి మూలన ఉంది (పింటు అంటే దాదాపు అర లీటరు, రోజుకు ఎన్ని పింట్ల నీళ్లు తీస్తుందన్నదే దాని సైజు), అది వాడొచ్చో లేదో తెలీదు. జులైలో ఆరు వారాలు ఇండియా వెళ్తున్నారు. వచ్చే ఏడాది అమ్మానాన్నలు వచ్చేలోపు కింద ఫినిష్ చేయించాలని ఉంది. 35 పింట్లది కొనాలా, 50 పింట్లది కొనాలా అని అడిగారు.

50ది కొనండి. ధరలో తేడా పెద్దగా ఉండదు, పెద్దది తక్కువసేపు తిరుగుతుంది. మీరు అడిగిన దానికి సమాధానం ఇంతే. కానీ నేను ఇక్కడ హెచ్‌వ్యాక్ (ఇళ్ల హీటింగ్, ఏసీ) పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మనవాళ్ల బేస్‌మెంట్లు చాలానే చూశాను. పింట్లు సరిగ్గానే ఎంచుకుని కూడా మెషీన్ పని చేయట్లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామందికి అసలు తేడా వచ్చేది రెండు చోట్ల: నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసుకోరు, మెషీన్ తీసిన నీళ్లు ఎక్కడికి పోవాలో ఆలోచించరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఈ రోజే ఆ కిటికీలు మూసేయండి. ఫ్యాన్ కూడా ఆపేయండి. మనకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు ఏంటంటే, గదిలో చెమ్మ ఉంటే తలుపులు బార్లా తీసి గాలి ఆడనివ్వాలి అని. విజయవాడలోనో వరంగల్‌లోనో అది కరెక్టే, అక్కడ గోడలు కూడా బయట గాలంత వేడిగానే ఉంటాయి కాబట్టి. ఇక్కడ బేస్‌మెంట్ గోడ భూమిలో ఉంది, నడి వేసవిలో కూడా 65–68 ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది. బయట 85 డిగ్రీలు, 70 శాతం హ్యుమిడిటీ ఉన్న మామూలు జులై మధ్యాహ్నం తీసుకోండి, ఆ గాలి డ్యూ పాయింట్ 74 దగ్గర ఉంటుంది. అంటే 74 కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలిలోంచి నీళ్లు దిగుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసుకి బయట బొట్లు పడతాయే, మీ గోడలూ, పైపులూ, నేలా అన్నీ ఆ గ్లాసే. లెక్క కూడా చెప్తాను: అలాంటి గాలి గంటకు 100 ఘనపు మీటర్లు లోపలికి వచ్చిందనుకోండి (మీ బేస్‌మెంట్‌లో ఉండే మొత్తం గాలిలో సగం కూడా కాదది), దాన్ని 50 శాతానికి ఎండబెట్టాలంటే దాదాపు లీటరు నీళ్లు తీయాలి. గంటకు ఒక లీటరు. కిటికీ తెరిచి మెషీన్ నడిపితే మీరు న్యూజెర్సీ మొత్తాన్ని ఎండబెట్టే పనిలో ఉన్నట్టు.

ఇదే లెక్కలో ఇంకోటి. కింద ఏసీ వెంట్ ఉంటే కొంతమంది అది పూర్తిగా తెరిచేస్తారు, ఏసీ తేమ తీస్తుంది కదా అని. ఏసీ తీస్తుంది, నిజమే. కానీ థర్మోస్టాట్ పై అంతస్తులో ఉంటుంది, కింద గది అసలే చల్లగా ఉంటుంది. దాన్ని ఇంకా చల్లబరిస్తే గాలిలో నీళ్లు అంతే ఉన్నా శాతం పెరుగుతుంది, గోడలు ఇంకా చల్లబడతాయి. ఆ వెంట్‌ని సగం మూసి చూడండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. 1,100 చదరపు అడుగులు, 8 అడుగుల ఎత్తు అంటే సుమారు 250 ఘనపు మీటర్ల గాలి. 68 డిగ్రీల దగ్గర 72 శాతం తేమ ఉంటే ఆ గాలి మొత్తంలో ఉన్న నీళ్లు ఎన్ని అనుకుంటున్నారు? మూడు లీటర్లు. దాన్ని 50 శాతానికి దింపాలంటే తీయాల్సింది ఒక లీటరు లోపే. మరి మెషీన్ రోజూ బకెట్లు బకెట్లు ఎందుకు నింపుతుంది? ఎందుకంటే ఎప్పటికప్పుడు కొత్తగా వస్తూ ఉంటాయి కాబట్టి: కాంక్రీటులోంచి, సందుల్లోంచి వచ్చే బయట గాలిలోంచి, అట్టపెట్టెల్లోంచి, కింద తాడు కట్టి ఆరేసిన బట్టల్లోంచి. మొదటి వారం పది రోజులు చెక్కా, అట్టా, కాంక్రీటూ పీల్చుకున్న పాత నీళ్లు కూడా బయటికొస్తాయి, అప్పుడు బకెట్ తొందరగా నిండితే కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాత తగ్గి ఒక స్థాయిలో నిలబడాలి. అలా తగ్గకుండా, ముఖ్యంగా వాన పడిన మర్నాడల్లా పెరుగుతూ ఉంటే అది గాలి తేమ కాదు, ఎక్కడో నీళ్లు నేరుగా దిగుతున్నాయి. దానికి మెషీన్ మందు కాదు. అందుకే హోస్ తగిలించాలని ఉన్నా మొదటి రెండు మూడు వారాలు బకెట్‌తోనే నడపమంటాను, ఎన్నిసార్లు పారబోశారో ఫోన్‌లో రాసుకోండి. మీ ఇంటి గురించి ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పనంత అది చెబుతుంది.

ఆ నీళ్లు ఎక్కడివో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. మందపాటి ప్లాస్టిక్ షీటు రెండడుగుల ముక్క కత్తిరించి, నేల మీద పరిచి, నాలుగు అంచులూ డక్ట్ టేపుతో ఎక్కడా గాలి దూరకుండా అతికించండి. గోడ మీదైతే అల్యూమినియం ఫాయిల్ వాడండి. ఒక రోజు, కుదిరితే రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే షీటు కింద చెమ్మ ఉంటే కాంక్రీటులోంచి ఆవిరి వస్తోందని అర్థం, పైన బొట్లు ఉంటే గాలిలో తేమ చల్లటి నేలకు తగిలి దిగుతోందని అర్థం. చాలా ఇళ్లలో రెండూ ఉంటాయి. అది మామూలే, దాన్ని మెషీన్ చూసుకుంటుంది. మూడోది ఉంటేనే జాగ్రత్త: గోడా నేలా కలిసే మూలలో గీతలా తడి, లేదా గోడ మీద ఒక ఎత్తు వరకు తెల్లటి పొడి. ఆ పొడిని చూసి బూజని భయపడతారు. వేలితో నలిపి నీళ్లలో వేస్తే కరిగిపోతే అది ఉప్పు. నీళ్లు గోడలోంచి వచ్చి, ఆరిపోయి, లవణాలు వదిలి వెళ్లాయన్నమాట. బూజు కంటే ఒక రకంగా అదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే నీళ్లు వచ్చే దారి ఉందని అది రుజువు చేస్తోంది.

అలాంటిదేదైనా కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ కంపెనీకి ఫోన్ చేసే ముందు, గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు, అంటే 2,300 లీటర్లకు పైమాటే. అదంతా గట్టర్లలోంచి (కప్పు అంచున ఉండే కాలువలు) డౌన్‌స్పౌట్లలోకి (కిందికి దిగే గొట్టాలు) వచ్చి, డౌన్‌స్పౌట్ కింద పునాది పక్కనే పోస్తుంటే అది ఎక్కడికి పోతుంది? మీ గోడకే. ఐదారు అడుగులు, వీలైతే పది అడుగుల దూరం పోయేలా ఎక్స్‌టెన్షన్ పైపులు పెట్టండి, హోమ్ డిపోలో కొన్ని డాలర్లకే వస్తాయి. గట్టర్ ఆకులతో నిండి పొంగుతోందేమో చూడండి. ఇంటి పక్క మట్టి పునాదినుంచి బయటికి వాలుగా ఉండాలి, మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాల వాలు అని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మొక్కల కోసం మల్చ్ (మొదళ్ల చుట్టూ పరిచే చెక్క పొట్టు) వేసీ వేసీ వాలు ఇంటివైపు తిరిగిపోయిన ఇళ్లు ఎన్నో. ఈ రెండూ సరిచేస్తే వేల డాలర్ల ఫ్రెంచ్ డ్రెయిన్ (పునాది పొడవునా నీళ్లు లాగే కాలువ) కొటేషన్ అవసరం లేకుండా పోయిన ఇళ్లు ఉన్నాయి. అవి చేసినా నీళ్లు వస్తుంటే అప్పుడు డ్రెయిన్, సంప్ పంప్ (నేలలోని గుంటలో చేరిన నీళ్లు బయటికి తోడే పంపు) గురించి మాట్లాడుకోవచ్చు. లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసేసి చేతులు దులుపుకోవడం మాత్రం వద్దు, వెనక నీటి ఒత్తిడి ఉంటే ఆ పెయింటు పొక్కులు లేచి ఊడిపోతుంది. ఇక 2021 సెప్టెంబర్ 1న ఇడా తుఫాను వచ్చినప్పుడు మన న్యూజెర్సీలోనే మాన్‌విల్ లాంటి చోట్ల జరిగినట్టు వరద వస్తే, అది వేరే కథ.

సరే, బయట అంతా బాగుంది, తడి గీతలు లేవు, ఉన్నది తేమే అనుకుందాం. ఇప్పుడు మెషీన్.

మీ పాత 70 పింట్ల మెషీన్, కొత్త 50 పింట్ల మెషీన్ దాదాపు ఒకటే సైజు. ఇది చాలామందికి తెలీదు. 2019 జూన్ వరకు వీటిని 80 డిగ్రీల గదిలో పరీక్షించి పింట్లు లెక్కగట్టేవాళ్లు. ఏ బేస్‌మెంట్ 80 డిగ్రీలుంటుంది చెప్పండి? అప్పుడు అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ రూల్ మార్చి పోర్టబుల్ మెషీన్లను 65 డిగ్రీల దగ్గర పరీక్షించమంది. చల్లటి గాలిలోంచి నీళ్లు తక్కువ వస్తాయి కాబట్టి అదే మెషీన్ మీద అంకె తగ్గింది: 70 అనేది 50 అయింది, 50 అనేది 35 అయింది, 30 అనేది 20–22 అయింది. మీ కజిన్ 2016లో 50 పింట్లది కొని సరిపోయిందంటే దానికి సమానమైంది ఇప్పటి 35. సెకండ్‌హ్యాండ్‌లో చూసేవాళ్లు తయారీ సంవత్సరం చూడకుండా పింట్లు పోల్చకండి. ఇంకో సంగతి, ఈ పరీక్ష 60 శాతం తేమ దగ్గర జరుగుతుంది. మీరు 50కి సెట్ చేసి నడిపితే ఆ ఎండిన గాలిలోంచి రోజుకు 50 పింట్లు ఎప్పుడూ రావు. నేను పెద్దదానివైపు మొగ్గడానికి అదే కారణం. 22 పింట్లవి ఒక గదికి, బాత్రూమ్‌కి, అంతే.

ఆ పాతదాన్ని వాడాలా అంటే, ముందు ప్లగ్ పెట్టకండి. ఇది సీరియస్‌గా చెప్తున్నాను. వెనకాల స్టిక్కర్ మీద మోడల్ నంబర్, తేదీ ఫోటో తీసుకుని సీపీఎస్‌సీ, అంటే కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో చూడండి. గ్రీ కంపెనీ తయారుచేసిన డీహ్యుమిడిఫైయర్లు వేడెక్కి మంటలు లేస్తున్నాయని 2013లో 20 లక్షలకు పైగా వెనక్కి పిలిచారు, వాటి మీద ఫ్రిజిడేర్, జీఈ, కెన్‌మోర్, సోలస్‌ఎయిర్ లాంటి రకరకాల పేర్లుంటాయి. 2021లో న్యూ వైడ్‌టెక్ తయారుచేసినవి ఇంకో 20 లక్షల దాకా, 2023లో మళ్లీ గ్రీవి 15 లక్షలకు పైగా. పాత ఓనర్లు మూలన వదిలేసి వెళ్లే మెషీన్లలో ఇవి ఇంకా తిరుగుతున్నాయి. లిస్టులో ఉంటే వాడకండి, రీకాల్ పేజీలో చెప్పినట్టు చేయండి, కొన్నింటికి డబ్బు తిరిగి ఇచ్చారు. లిస్టులో లేకపోయినా మీది పదేళ్ల నాటిదైతే నేనైతే వాడను, కరెంటు ఎక్కువ తాగుతుంది. ఆరు వారాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని నమ్ముకుని వెళ్లడం అసలే వద్దు.

కరెంటు లెక్క కూడా చూసుకోండి. 50 పింట్ల మెషీన్ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు సుమారు 500 వాట్లు లాగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే 6 యూనిట్లు, నెలకు 180. యూనిట్ 20 సెంట్లు అనుకుంటే నెలకు 36 డాలర్లు. మే నుంచి సెప్టెంబర్ వరకు ఐదు నెలలకు 180 డాలర్లు. అంటే మెషీన్ ధర దగ్గర దగ్గరగా ఒక సీజన్ కరెంటు ఖర్చుకే వస్తుంది. కాబట్టి షాపులో 30 డాలర్లు మిగిల్చుకోవడం కంటే ఎనర్జీ స్టార్ గుర్తు (కరెంటు తక్కువ తాగే వాటికి ఇచ్చేది) ఉన్నది చూడండి. డబ్బా మీద ఐఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది, ఒక యూనిట్ కరెంటుతో ఎన్ని లీటర్లు తీస్తుందో అది చెబుతుంది. ఈ సైజులో 1.8 కంటే తగ్గకుండా చూసుకోండి. కొన్ని కరెంట్ కంపెనీలు ఎనర్జీ స్టార్ మెషీన్లకు రిబేటు ఇస్తాయి, కొనే ముందే మీ కంపెనీ సైట్‌లో చూస్తే మంచిది.

అమెజాన్‌లో యాభై అరవై డాలర్లకు ముచ్చటగా కనిపించే చిన్న మెషీన్ల జోలికి పోవద్దు. వాటిలో కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, రోజుకు అర లీటరు తీస్తే గొప్ప. డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది) అని ఇంకోటి ఉంది, అది బాగా చలిగా ఉండే గ్యారేజీలకు పనికొస్తుంది, మీకు కాదు. సాంటా ఫే, ఏప్రిల్‌ఎయిర్ లాంటి ఖరీదైన బ్రాండ్లవి వెయ్యి డాలర్ల పైమాటే. బాగా కట్టిన మెషీన్లు, వారంటీ ఎక్కువ, డక్టుకి కూడా కలపొచ్చు. మీరు ఇంకా కింద ఫినిష్ చేయలేదు కాబట్టి ఇప్పుడే అక్కడికి వెళ్లొద్దు. ఫినిష్ చేసి, పదేళ్లు ఈ ఇంట్లోనే ఉంటాం అనుకున్నప్పుడు ఆలోచించొచ్చు. మామూలు పోర్టబుల్ ఏ బ్రాండ్ అయినా నాలుగైదేళ్లు వస్తే చాలు అనుకుని కొనండి. బ్రాండ్ గురించి నాతో పెద్దగా వాదించకండి, ఇంత తక్కువ ధరలో ఒకరిదానికీ ఇంకొకరిదానికీ నేను చూసిన తేడా కంటే, ఫిల్టర్ కడిగేవాడికీ కడగనివాడికీ మధ్య చూసిన తేడా ఎక్కువ. కంప్రెసర్, గ్యాస్ భాగానికి విడిగా ఎక్కువ వారంటీ ఇచ్చేది దొరికితే అది తీసుకోండి. రసీదు ఫోటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం మీద అచ్చు రెండేళ్లకే మాయమైపోతుంది.

ఇప్పుడు అసలైన విషయం, పైపు. ఈ మెషీన్ల బకెట్లో ఆరేడు లీటర్లు పడతాయి. వేసవిలో రోజుకు ఒకటి రెండుసార్లు నిండుతుంది, నిండగానే మెషీన్ ఆగిపోతుంది. మొదటి నెల ఉత్సాహంగా పారబోస్తారు, తర్వాత ఒకరోజు మర్చిపోతారు, ఆ తర్వాత వీకెండ్ ఊరెళ్తారు. మెషీన్ పని చేయట్లేదు, ఎప్పుడు చూసినా 70 శాతమే అని నాకు ఫోన్ చేసిన చాలామంది ఇళ్లలో నేను చూసింది నిండిన బకెట్, వెలుగుతున్న ఎర్ర లైటు. కాబట్టి కొనే ముందే కిందికెళ్లి చూడండి: ఫ్లోర్ డ్రెయిన్ ఉందా, సంప్ పిట్ ఉందా, వాషింగ్ మెషీన్ దగ్గర సింక్ ఉందా. డ్రెయినో పిట్టో ఉంటే మామూలు గార్డెన్ హోస్ తగిలే మోడల్ తీసుకోండి. నీళ్లు వాటంతట అవే పల్లానికి పోవాలి, కాబట్టి మెషీన్‌ని నాలుగు సిమెంటు బ్లాకుల మీదో గట్టి స్టూల్ మీదో పెట్టి, హోస్ మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా, మెలిక పడకుండా దించండి. మెలిక పడితే నీళ్లు వెనక్కి వచ్చి బకెట్లో పడతాయి, మళ్లీ అదే కథ. సంప్ పిట్‌కి మూత ఉంటే మూతకు చిన్న రంధ్రం చేసి హోస్ దూర్చి చుట్టూ సీల్ చేయండి. మూత తీసి వదిలేయొద్దు, అందులోంచి తేమా వస్తుంది, న్యూజెర్సీలో చాలా చోట్ల రాడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక గ్యాస్) కూడా వస్తుంది. రాడాన్ పరీక్ష ఇంకా చేయించకపోతే అదీ చేయించండి, డీహ్యుమిడిఫైయర్‌కీ దానికీ సంబంధం లేదు, కానీ అమ్మానాన్నలు పడుకునే చోటు కదా.

డ్రెయిన్ లేదు, సింక్ మాత్రమే ఉంది అంటే నీళ్లు పైకి ఎక్కాలి, పంపు కావాలి. లోపలే పంపు ఉన్న మోడళ్లు దొరుకుతాయి, యాభై డాలర్లు ఎక్కువ. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. నాచు పట్టో దుమ్ము పట్టో ఆ చిన్న పంపు ముందు పోతుంది, మెషీన్ మాత్రం బాగానే ఉంటుంది. దాని బదులు మామూలు మోడల్ కొని, పక్కన విడిగా కండెన్సేట్ పంపు పెట్టండి, ఏసీ ఫర్నేస్ పక్కన ఉండే చిన్న డబ్బా లాంటిదే. పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. నిజానికి మీ ఫర్నేస్ దగ్గర ఇప్పటికే ఒకటి ఉండొచ్చు, చూడండి, హోస్ దాంట్లోకే వేసేయొచ్చు.

మెషీన్‌ని మధ్యలో పెట్టండి, గోడకు కనీసం ఒక అడుగు దూరం. ఎక్స్‌టెన్షన్ కార్డు వద్దు, నేరుగా గోడ ప్లగ్గుకే. సెట్టింగ్ 50. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) చెప్పేది 60 లోపు ఉంచమని, 30–50 అయితే ఇంకా మంచిదని. 35కి, 40కి పెట్టి మెషీన్‌ని రాత్రింబవళ్లు తిప్పేవాళ్లున్నారు, బిల్లు తప్ప ఏమీ రాదు. మెషీన్ మీద చూపించే అంకెను నమ్మకండి, అది తన పక్కన ఉన్న గాలినే కొలుస్తుంది. మీ మీటర్‌ని దూరంగా, వాసన ఎక్కువ వచ్చే మూలలో పెట్టండి. ఆ మీటర్ కరెక్టో కాదో కూడా చూసుకోవచ్చు: సీసా మూతలో వంట ఉప్పు పోసి, ముద్దగా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు వేయండి, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నీ ఒక జిప్‌లాక్ కవర్లో గాలి బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటర్ ఐదు తక్కువ చెబుతోందన్నమాట, అంటే మీ 72 అసలు 77. మెషీన్ వేడి వదులుతుంది, గది రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది, అది చూసి కంగారు పడకండి. ఫిల్టర్ రెండు మూడు వారాలకోసారి కుళాయి కింద కడగండి. అక్టోబర్‌లో కట్టేయండి, చలికాలంలో బయట గాలే ఎండిపోయి ఉంటుంది, పైగా గది చల్లబడితే కాయిల్ మీద మంచు గడుతుంది.

ఇండియా ప్రయాణానికి వస్తే, ఆటో రీస్టార్ట్ అని స్పష్టంగా రాసి ఉన్న మోడలే కొనండి. జులై, ఆగస్టుల్లో పిడుగుల వానలకు కరెంటు పోయి వస్తుంది, వచ్చాక మెషీన్ పాత సెట్టింగ్‌తో తానే మొదలవ్వాలి. ఇంట్లో ఒకసారి ప్లగ్ తీసి కాసేపాగి పెట్టి చూడండి, డబ్బా మీద రాసింది నమ్మకుండా. హోస్ పెట్టి కనీసం రెండు వారాలు మీరు ఇంట్లో ఉండగానే నడవాలి, ఫ్లయిట్ ముందు రోజు తగిలించి వెళ్లొద్దు. వెళ్లేటప్పుడు 55కి పెట్టండి, చాలు. వైఫై ఉన్న మోడల్‌కి ఇక్కడ మాత్రం అర్థముంది, అమ్మమ్మగారింట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు, ఏదైనా తేడా ఉంటే పక్కింటివాళ్లకి చెప్పొచ్చు. సంప్ పంప్ ఉంటే దానికి బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో చూడండి, వాన గట్టిగా పడేదీ కరెంటు పోయేదీ ఒకే రాత్రి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో సంప్ పొంగడం కవర్ కాదు, వాటర్ బ్యాకప్ అని విడిగా జోడించుకోవాలి. ఏజెంట్‌కి ఒక ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

సూట్‌కేసులను మాస్కు పెట్టుకుని బయటికి తీసుకెళ్లి, బ్రష్‌తో దులిపి, సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. ఇండియాకి తీసుకెళ్లేవి అవే కదా, లోపలి లైనింగ్ కూడా చూడండి. కలరా ఉండలు వేస్తే తేమ పోదు, ముక్కిపోయిన వాసనకు ఇంకో వాసన తోడవుతుంది. మూవర్స్ ఇచ్చిన అట్టపెట్టెల్లో పట్టుచీరలు, పెళ్లి ఆల్బమ్‌లు ఉంటే ఈ వారమే పైకి తెచ్చేయండి, కింద అన్నిటికంటే ముందు తేమ పీల్చేది అట్టే. మిగతావి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో, ఇనుప ర్యాకు మీద, గోడకు కొంచెం ఎడంగా. బియ్యం బస్తాలు కాంక్రీటు మీద నేరుగా పెట్టొద్దు. బట్టలు కింద ఆరేయడం ఆపండి, డ్రయ్యర్ గొట్టం గోడ బయటికే వెళ్తోందో, మధ్యలో ఊడి లోపలికే ఊదుతోందో ఒకసారి చేయి పెట్టి చూడండి.

ఫినిష్ చేయించడం గురించి. మీరు ఈ ఏడాది చేయకపోవడమే అదృష్టం. ఒక వేసవి అంతా మీటర్ అంకెలూ బకెట్ లెక్కలూ చూశాకే కాంట్రాక్టర్‌తో మాట్లాడండి. చాలామంది చలికాలంలో చూసి, పొడిగానే ఉందిగా అని కార్పెట్ వేయించేస్తారు. కాంక్రీటు గోడకు నేరుగా ఫైబర్‌గ్లాస్ (దూదిలాంటి ఇన్సులేషన్) కుక్కి పైన డ్రైవాల్ (జిప్సం బోర్డు) కొట్టేస్తే, లోపలి గాలి ఆ చల్లటి గోడ దాకా వెళ్లి వెనకాల నీరవుతుంది, మీకు కనిపించదు. రెండేళ్ల తర్వాత వాసన వస్తుంది, అప్పుడు డ్రైవాల్ కోసి చూస్తే నల్లగా ఉంటుంది. గోడకు ముందు గట్టి ఫోమ్ బోర్డు అతికించి సందులు మూసి, దాని ముందు ఫ్రేమింగ్ చేసే కాంట్రాక్టర్‌ని వెతకండి, ఫోమ్ ఎందుకు సార్ అనేవాడిని వద్దనండి. నేలకు కార్పెట్ బదులు వినైల్ ప్లాంక్. డ్రైవాల్ అడుగు అంచు నేలకు తగలకుండా అర అంగుళం పైన ఉండాలి. అమ్మానాన్నలు పడుకునే గది అంటే బయటికి దూకేంత పెద్ద ఎగ్రెస్ కిటికీ కావాలి, పర్మిట్ కావాలి. డీహ్యుమిడిఫైయర్‌కి ఒక ప్లగ్, ఒక డ్రెయిన్ లైను ప్లాన్‌లోనే పెట్టించండి, తర్వాత గోడలు కోయించుకోకుండా.

పాత మెషీన్‌ని చెత్త రోజున కర్బ్ (రోడ్డు అంచు) మీద పెట్టేయకండి, లోపల రిఫ్రిజెరెంట్ గ్యాస్ ఉంటుంది, దాన్ని గాలిలోకి వదలడం చట్టప్రకారం తప్పు. మీ టౌన్‌షిప్ పబ్లిక్ వర్క్స్‌కి ఫోన్ చేస్తే ఏ రోజు తీసుకుంటారో చెబుతారు. రీకాల్ లిస్టులో ఉంటే మాత్రం, ఆ పేజీలో ఏం పంపమన్నారో చదివాకే పారేయండి. కొన్నిసార్లు వైరు కత్తిరించి ఫోటో పంపమంటారు, మెషీన్ ఇచ్చేశాక ఆ ఫోటో తీయలేరు.